పికిల్‌బాల్ తొలి పాఠాలు: ఏడడుగుల జాగా చుట్టూ తిరిగే ఆట

మొదటిసారి ప్యాడిల్, అంటే ఈ ఆటలో వాడే బ్యాట్, చేతికి తీసుకున్నవారు దాదాపు అందరూ బంతిని బలంగా బాదాలనే చూస్తారు. టెన్నిస్ గానీ బ్యాడ్మింటన్ గానీ ఆడి వచ్చినవారిలో ఈ అలవాటు మరీ ఎక్కువగా కనిపిస్తుంది. పికిల్‌బాల్‌లో బలానికి చోటు ఉంది. అయితే నియమాలను కూర్చిన తీరును గమనిస్తే, గెలుపోటములు చాలావరకు నెట్‌కు ఇరువైపులా ఉన్న 7 అడుగుల జాగా చుట్టూనే తేలుతాయని అర్థమవుతుంది. ఆ జాగా అంచున గీసిన గీత దగ్గరికి ఎలా చేరుకోవాలి, చేరాక అక్కడ ఎలా నిలదొక్కుకోవాలి, అవతలివారిని అక్కడికి సులువుగా రానివ్వకుండా ఎలా ఆపాలి అన్నవే ఈ ఆటలో అసలు పాఠాలు. అందుకే సర్వీస్, స్కోరు, నియమాలు అన్నింటినీ ఆ గీతతో ముడిపెట్టి చెబుతున్నాను. అలా నేర్చుకున్నవారికి నియమాలను బట్టీ పట్టే పని తగ్గుతుంది, ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే గుర్తుకు వస్తాయి.

ఈ ఆట 1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ నగరానికి దగ్గరగా ఉన్న బైన్‌బ్రిడ్జ్ దీవిలో పుట్టింది. జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అనే మిత్రులిద్దరూ సెలవు రోజున ఏమీ తోచక కూర్చున్న ఇంటివారి కోసం ఏదైనా ఆట ఏర్పాటు చేయాలనుకున్నారు. పాత బ్యాడ్మింటన్ కోర్టు ఉంది గానీ సామగ్రి సరిగా లేకపోవడంతో, టేబుల్ టెన్నిస్ బ్యాట్లతో, చిల్లులున్న ప్లాస్టిక్ బంతితో ఆట మొదలుపెట్టారు. తరువాత వారి మిత్రుడు బార్నీ మెకల్లమ్ కూడా కలిశాడు, ముగ్గురూ కలిసి నియమాలను రూపొందించారు. మొదట నెట్ బ్యాడ్మింటన్ ఎత్తులోనే, 60 అంగుళాల దగ్గర ఉండేది. బంతి గట్టి నేల మీద చక్కగా లేస్తోందని గమనించి దానిని 36 అంగుళాలకు దించారు. నెట్ అంత కిందికి దిగాక, పొడుగాటి మనిషి ఎవరైనా దాని పక్కనే నిలబడి వచ్చిన ప్రతి బంతినీ కిందికి బాదేస్తే ఆటే మిగలదు. నెట్ ముందు, బంతిని గాలిలోనే కొట్టకూడని జాగా ఎందుకు అవసరమైందో ఈ ఒక్క మాటతో తెలుస్తుంది.

కోర్టు కొలతలు

కోర్టు 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు ఉంటుంది. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతలు కూడా సరిగ్గా ఇవే. నెట్ ఎత్తు సైడ్‌లైన్ల దగ్గర 36 అంగుళాలు, మధ్యలో 34 అంగుళాలు. నెట్ నుంచి 7 అడుగుల దూరంలో, కోర్టు వెడల్పు అంతటా ఒక గీత ఉంటుంది. ఆ గీతకూ నెట్‌కూ మధ్యనున్న జాగాను నియమావళి నాన్ వాలీ జోన్ అంటుంది, ఆటగాళ్లు మాత్రం కిచెన్ అనే పిలుస్తారు. కిచెన్ గీత నుంచి వెనక బేస్‌లైన్ వరకు మిగిలిన 15 అడుగులను సెంటర్ లైన్ రెండుగా చీలుస్తుంది. అలా ఏర్పడిన 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గడులే కుడి, ఎడమ సర్వీస్ కోర్టులు. కోర్టు చుట్టూ పరుగెత్తడానికి ఖాళీ స్థలం కూడా కావాలి కనుక, మొత్తం మీద కనీసం 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల నేల ఉంటే ఆట ఇబ్బంది లేకుండా సాగుతుంది.

పికిల్‌బాల్ కోర్టు అందుబాటులో లేనివారు బ్యాడ్మింటన్ కోర్టును వాడుకోవచ్చు. అందులో నెట్‌కు దగ్గరగా ఉండే షార్ట్ సర్వీస్ లైన్ 6 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉంటుంది. దానికి 6 అంగుళాలు వెనక టేపు అంటిస్తే కిచెన్ గీత సిద్ధమవుతుంది. నెట్‌ను మాత్రం తప్పనిసరిగా కిందికి దించాలి, బ్యాడ్మింటన్ ఎత్తులో ఉంచి నేర్చుకుంటే చేతికి తప్పుడు అంచనాలు అలవాటవుతాయి.

ప్యాడిల్, బంతి, బూట్లు

ప్యాడిల్ పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలు మించకూడదని, పొడవు 17 అంగుళాలు దాటకూడదని నియమం. కొత్తవారు ఖరీదైన దాని కోసం వెతకనక్కర లేదు. మరీ బరువైనది మణికట్టును, మోచేతిని అలసిపోయేలా చేస్తుంది, మరీ తేలికైనది బంతి తాకిడికి చేతిలో కదిలిపోతుంది. 210 నుంచి 240 గ్రాముల మధ్య బరువుండి, పిడి మీ గుప్పిట్లో హాయిగా ఇమిడేది ఏదైనా సరిపోతుంది. బంతులు రెండు రకాలు. ఆరుబయట ఆడేవాటికి సాధారణంగా 40 చిన్న చిల్లులు ఉంటాయి, అవి కాస్త గట్టిగా ఉండి గాలికి తక్కువగా చెదురుతాయి. లోపల ఆడేవాటికి 26 పెద్ద చిల్లులు ఉంటాయి, అవి మెత్తగా, కొంచెం నిదానంగా ప్రయాణిస్తాయి. వీటన్నింటికన్నా బూట్ల విషయంలో శ్రద్ధ ఎక్కువ కావాలి. పరుగు కోసం తయారైన బూట్లు ముందుకు వెళ్లడానికి పనికి వస్తాయే తప్ప, ఈ ఆటలో మాటిమాటికీ అవసరమయ్యే పక్కవాటు కదలికలకు ఆసరా ఇవ్వవు. వాటితో ఆడితే చీలమండ మెలిక పడే ప్రమాదం ఉంది కనుక కోర్టు ఆటల కోసం చేసిన బూట్లే వేసుకోవాలి.

పట్టు, నిలబడే తీరు

ప్యాడిల్ అంచు నేలవైపు ఉండేలా, మేకు కొట్టబోతున్న సుత్తిని పట్టుకున్నట్టు పిడిని పట్టుకోండి. ఈ పట్టుతో ఫోర్‌హ్యాండ్ (ప్యాడిల్ పట్టిన చేతివైపు వచ్చే బంతిని అరచేతివైపుతో కొట్టడం), బ్యాక్‌హ్యాండ్ (రెండో వైపు వచ్చే బంతిని చేతి వెనకవైపుతో కొట్టడం) రెండూ ఆడవచ్చు, మధ్యలో చేతిని మార్చే పని ఉండదు. నెట్ దగ్గర బంతి వేగంగా వచ్చేటప్పుడు పట్టు మార్చుకునే వ్యవధి ఎలాగూ దొరకదు. ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది చాలామంది పట్టించుకోని ప్రశ్న. పూర్తి బలంతో బిగించడాన్ని 10 అనుకుంటే, మామూలుగా 3 లేదా 4 దగ్గర ఉంచండి. పట్టు బిగిసేకొద్దీ బంతి ప్యాడిల్ మీద నుంచి ఎక్కువ వేగంతో ఎగిరిపోతుంది, పట్టు సడలితే వచ్చిన వేగాన్ని చేయి కొంత మింగేస్తుంది. మెత్తగా ఆడటం రావడం లేదని బాధపడేవారిలో చాలామందికి అడ్డు వస్తున్నది ఈ బిగువే అని నా అభిప్రాయం.

కాళ్లు భుజాల వెడల్పున పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, బరువును మునివేళ్లవైపు మోపి నిలబడండి. ప్యాడిల్ ఛాతీ ముందు, శరీరానికి కాస్త దూరంగా ఉండాలి. బంతి కొట్టిన వెంటనే ప్యాడిల్‌ను మళ్లీ అక్కడికే తేవాలి. ప్యాడిల్‌ను నడుము కిందికి వేలాడేసి చూస్తూ నిలబడితే తరువాతి బంతికి ఆలస్యమవడం ఖాయం.

సర్వీస్

సర్వీస్ చేసేటప్పుడు బేస్‌లైన్ వెనక నిలబడాలి. ప్యాడిల్ బంతిని తాకే క్షణంలో కనీసం ఒక పాదం గీత వెనక నేల మీద ఉండాలి, ఏ పాదమూ కోర్టును గానీ గీతను గానీ తాకకూడదు. బంతి ఐమూలగా అవతలి సర్వీస్ కోర్టులో, కిచెన్‌నూ దాని గీతనూ దాటి పడాలి. మిగతా గీతల మీద పడితే బంతి లోపల పడినట్టే లెక్క, కిచెన్ గీత మీద పడితే మాత్రం ఫాల్ట్, అంటే ఆట అక్కడితో ఆగి తప్పు చేసినవారు ఓడినట్టు. బంతి నెట్‌ను రాసుకుని వెళ్లి సరైన గడిలో పడితే ఆట ఆగకుండా సాగుతుంది. ఇలాంటి సందర్భంలో మళ్లీ సర్వీస్ చేయించే పాత పద్ధతిని 2021లో తీసేశారు. ఒక్కొక్క సర్వీస్‌కు ఒకే అవకాశం ఉంటుంది, టెన్నిస్‌లోలాగా రెండో ప్రయత్నం లేదు.

సర్వీస్ రెండు విధాలుగా చేయవచ్చు. మొదటి విధానంలో బంతిని గాలిలోనే కొడతారు. అప్పుడు చేయి కింది నుంచి పైకి కదలాలి, బంతిని నడుము కంటే ఎత్తులో తాకకూడదు, తాకే సమయంలో ప్యాడిల్ తల మణికట్టు కంటే పైన ఉండకూడదు. రెండో విధానంలో బంతిని చేతిలో నుంచి ఊరికే జారవిడిచి, అది నేలను తాకి లేచాక కొడతారు. బంతిని పైకి విసరడం గానీ నేలకేసి కొట్టడం గానీ చేయనంతవరకు పై మూడు షరతులూ దీనికి వర్తించవు. కొత్తవారందరికీ నేను చెప్పేది ఈ రెండో విధానమే. బంతి ప్రతిసారీ ఒకే చోట, ఒకే ఎత్తుకు లేస్తుంది, చేతికీ కంటికీ పొంతన త్వరగా కుదురుతుంది, తప్పు సర్వీస్ అన్న వివాదానికీ తావుండదు. చేతిని లోలకంలా భుజం నుంచి ఊపి, బంతిని బేస్‌లైన్‌కు దగ్గరగా పడేలా ఎత్తుగా పంపండి. మొదటి నెలలో వేగం గురించి ఆలోచించవద్దు. సర్వీస్ నెట్‌లో పడితే అవతలివారు చెమట పట్టకుండానే మీ అవకాశం పోతుంది.

రెండు బౌన్సుల నియమం

ఈ ఆటను మిగతా రాకెట్ ఆటల నుంచి వేరు చేసే నియమం ఇది. సర్వీస్ అయిన బంతిని అందుకునే జట్టు దానిని ఒకసారి నేలను తాకనిచ్చిన తరువాతే తిప్పికొట్టాలి. అలా తిరిగి వచ్చిన బంతిని సర్వీస్ చేసిన జట్టు కూడా నేలను తాకనిచ్చాకే కొట్టాలి. ఈ రెండు బౌన్సులూ అయిపోయాక, కిచెన్ బయట నిలబడినవారు ఎవరైనా బంతిని గాలిలోనే కొట్టవచ్చు. అలా గాలిలో కొట్టడాన్నే వాలీ అంటారు.

చూడటానికి చిన్నదిగా ఉన్న ఈ నియమం ఆట మొత్తాన్నీ తలకిందులు చేస్తుంది. టెన్నిస్‌లో సర్వీస్ చేసేవారిది పైచేయి. ఇక్కడ సర్వీస్ చేసిన జట్టు తిరిగి వచ్చే బంతి నేలను తాకేదాకా వెనకే ఆగిపోవాలి, అందుకునే జట్టు మాత్రం బంతిని తిప్పికొట్టి నేరుగా కిచెన్ గీత దగ్గరికి నడిచి వెళ్లవచ్చు. కాబట్టి ప్రతి ర్యాలీ (సర్వీస్ నుంచి బంతి ఆగేదాకా సాగే ఆట) మొదట్లో అనుకూలత అందుకునే జట్టుదే. ఈ సంగతి తెలిస్తే ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. సర్వీస్ చేసే జట్టులో ఇద్దరూ బేస్‌లైన్ దగ్గరే ఉండాలి. అందుకునే జట్టులో బంతిని తిప్పికొట్టే వ్యక్తి వెనక ఉంటే, అతని భాగస్వామి ముందే కిచెన్ గీత దగ్గరికి చేరి నిలబడాలి.

కొత్తవారు చేసే తప్పుల్లో నేను అన్నింటికన్నా ఎక్కువగా చూసేది ఇక్కడే జరుగుతుంది. సర్వీస్ చేసిన ఊపులో రెండడుగులు కోర్టులోకి వచ్చేస్తారు, లోతుగా తిరిగి వచ్చిన బంతి సరిగ్గా కాళ్ల దగ్గర పడుతుంది, వెనక్కి జరగలేక దానిని ఎలాగో ఎత్తి పంపుతారు, అవతలివారు దానిని బాదేస్తారు. సర్వీస్ చేయగానే ఒక అడుగు వెనక్కి వేయడం అలవాటు చేసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

కిచెన్ నియమం

కిచెన్‌లోకి అసలు కాలే పెట్టకూడదని చాలామంది అనుకుంటారు, అది అపోహ. కిచెన్‌లోకి ఎప్పుడైనా వెళ్లవచ్చు, ఎంతసేపైనా ఉండవచ్చు. అక్కడ నిలబడి గానీ దాని గీతను తొక్కి గానీ వాలీ ఆడకూడదు, అంతే. బంతి కిచెన్‌లో నేలను తాకి లేస్తే లోపలికి అడుగుపెట్టి కొట్టి రావచ్చు. కొట్టవలసిందే కూడా, ఎందుకంటే పొట్టిగా పడిన బంతిని గీత బయట నుంచి అందుకోవడం చాలాసార్లు సాధ్యం కాదు.

ఇందులో తికమకపెట్టే అంశం ఊపు. మీరు గీత బయట నిలబడే వాలీ ఆడినా, ఆ ఊపుకు తూలి కిచెన్‌లో అడుగు పడితే ఫాల్ట్. అప్పటికే బంతి అవతల రెండుసార్లు నేలను తాకి పాయింటు ముగిసిపోయినా సరే, అది ఫాల్టే. మీ టోపీ గానీ కళ్లద్దాలు గానీ ఆ ఊపులో కిచెన్‌లో పడినా అదే ఫలితం. అలాగే ఒకసారి కిచెన్‌లోకి వెళ్లినవారు రెండు పాదాలనూ బయట నేల మీద మోపిన తరువాతే మళ్లీ వాలీ ఆడాలి. లోపలి నుంచి వెనక్కి గెంతుతూ గాలిలో ఉండగా కొట్టడం చెల్లదు. అందుకని గీతకు ఆనుకుని కాకుండా, రెండు మూడు అంగుళాల ఎడం ఉంచి నిలబడటం మంచిది. ఆ ఎడం లేకపోతే మనసంతా పాదాల మీదే ఉంటుంది, బంతి మీద దృష్టి నిలవదు.

స్కోరు చెప్పడం

స్కోరు వినగానే కొత్తవారు బెదిరిపోతారు, నిజానికి ఒక్క ఆటలో అలవాటైపోతుంది. సాంప్రదాయిక పద్ధతిలో సర్వీస్ చేస్తున్న జట్టుకే పాయింట్లు వస్తాయి. మొదట 11 పాయింట్లకు చేరి, కనీసం 2 పాయింట్ల ఆధిక్యం ఉన్న జట్టు గెలుస్తుంది. ర్యాలీ గెలిచిన ప్రతిసారీ ఎవరికైనా పాయింటు ఇచ్చే పద్ధతిని కూడా కొన్నిచోట్ల పాటిస్తారు కనుక ఆట మొదలుకాక ముందే ఏ పద్ధతో అడిగి తెలుసుకోవాలి.

డబుల్స్‌లో సర్వీస్‌కు ముందు మూడు అంకెలు బయటకు చెప్పాలి. మొదటిది సర్వీస్ చేస్తున్న జట్టు స్కోరు, రెండోది అవతలి జట్టు స్కోరు, మూడోది సర్వీస్ చేస్తున్నది ఆ జట్టులో మొదటివారా రెండోవారా అన్న సంఖ్య. మీరు 4, 2, 1 అని చెప్పారనుకుందాం. ర్యాలీ గెలిస్తే మీ స్కోరు 5 అవుతుంది, మీరూ మీ భాగస్వామీ కుడి ఎడమలు మార్చుకుంటారు, మీరే 5, 2, 1 అని చెప్పి అవతలి జట్టులోని రెండో వ్యక్తికి సర్వీస్ చేస్తారు. ఈసారి ర్యాలీ ఓడితే చోట్లు మారవు, పాయింటు ఎవరికీ రాదు. మీ భాగస్వామి తాను ఉన్న వైపు నుంచే 5, 2, 2 అని చెప్పి సర్వీస్ చేస్తారు. ఆ ర్యాలీ కూడా ఓడితే సర్వీస్ అవతలి జట్టుకు వెళుతుంది. వారిలో అప్పుడు కుడివైపు ఉండవలసిన వ్యక్తి 2, 5, 1 అని మొదలుపెడతారు. సర్వీస్ అందుకునే జట్టు ఎప్పుడూ చోట్లు మార్చుకోదు.

ఆట ఆరంభంలో మాత్రం ఒక మినహాయింపు ఉంది. మొదట సర్వీస్ చేసే జట్టుకు ఒక్కరి సర్వీసే దక్కుతుంది, అందుకే ఆట 0, 0, 2 అనే పిలుపుతో మొదలవుతుంది. మొదటి సర్వీస్ దొరికిన జట్టు వరుసగా రెండు అవకాశాలతో ముందుకు దూసుకుపోకుండా ఈ ఏర్పాటు చేశారు. ఎవరు ఎటువైపు ఉండాలో మరచిపోతే ఒక గుర్తు ఉంది. ఆట ఆరంభంలో కుడివైపు నిలబడిన వ్యక్తి, తమ జట్టు స్కోరు సరిసంఖ్య అయినప్పుడు కుడివైపు, బేసిసంఖ్య అయినప్పుడు ఎడమవైపు ఉండాలి. సింగిల్స్‌లో మూడో అంకె ఉండదు. మీ స్కోరు సరిసంఖ్యగా ఉంటే కుడివైపు నుంచి, బేసిగా ఉంటే ఎడమవైపు నుంచి సర్వీస్ చేస్తారు.

గీత దగ్గరికి దారి

ఇప్పటివరకు చెప్పినవి నియమాలు. ఆట ఇక్కడ మొదలవుతుంది. సర్వీస్‌ను తిప్పికొట్టేటప్పుడు మీ లక్ష్యం ఒక్కటే, బంతిని ఎత్తుగా, నిదానంగా, బేస్‌లైన్‌కు వీలైనంత దగ్గరగా పంపడం. ఎత్తుగా వెళ్లే బంతి అవతలికి చేరడానికి సమయం పడుతుంది, ఆ సమయంలో మీరు సుమారు 15 అడుగులు నడిచి కిచెన్ గీత దగ్గరికి చేరుకుంటారు. బలంగా కొట్టిన బంతి అంతే వేగంగా తిరిగి వస్తుంది, అప్పటికి మీరు దారి మధ్యలోనే ఉంటారు. నడిచే దారిలో అవతలివారు బంతిని కొట్టబోతున్నారని కనిపించగానే ఎక్కడివారక్కడ ఆగి, రెండు కాళ్ల మీదా సమంగా నిలబడాలి. పరుగులో ఉన్నవారు పక్కకు తిరగలేరు.

సర్వీస్ చేసిన జట్టు సంగతి వేరు. వారు వెనక ఉన్నారు, ఎదుటి ఇద్దరూ గీత మీద కాచుకుని ఉన్నారు. ఈ స్థితిలో కొట్టే బంతినే మూడో షాట్ అంటారు, ఎందుకంటే సర్వీస్ మొదటిది, దానికి జవాబు రెండోది. మూడో షాట్‌ను మెల్లగా పైకి లేపి, నెట్ దాటగానే అవతలి కిచెన్‌లో దిగేలా పంపడాన్ని డ్రాప్ అంటారు. బంతి తన అత్యధిక ఎత్తును నెట్‌కు ఇవతల, అంటే మీ వైపునే చేరుకోవాలి. అప్పుడు నెట్ దాటేసరికి అది కిందికి దిగుతూ ఉంటుంది, అవతలివారు దానిని నెట్ కంటే తక్కువ ఎత్తులో అందుకోవలసి వస్తుంది. నెట్ కంటే కింద ఉన్న బంతిని ఎంతటివారైనా పైకి లేపకుండా కొట్టలేరు, పైకి లేపిన బంతి మీకు ముప్పు తేదు, ఆ వ్యవధిలో మీ జట్టు ముందుకు నడుస్తుంది. డ్రాప్ కష్టమైన షాట్, మొదటి వారాల్లో సగానికి సగం నెట్‌కు తగలడమో, ఎత్తుగా తేలడమో జరుగుతుంది. అయినా మానుకోవద్దు. బేస్‌లైన్ నుంచి బలంగా కొట్టే డ్రైవ్‌తో కొత్తవారి మీద పాయింట్లు వస్తాయి గానీ, గీత మీద ప్యాడిల్ అడ్డుపెట్టడం నేర్చినవారి ముందు అదే డ్రైవ్ మీకే ఎదురు తిరుగుతుంది.

డింక్

నలుగురూ గీతల దగ్గరికి చేరాక ఆట నెమ్మదిస్తుంది. కిచెన్‌లో పడే చిన్న, మెత్తని బంతులను ఇచ్చిపుచ్చుకోవడాన్నే డింక్ ఆడటం అంటారు. చూసేవారికి ఏమీ జరగనట్టు ఉంటుంది, ఆడేవారికి మాత్రం ఇదే ఆటలోకెల్లా గట్టి పరీక్ష. ప్రతి డింక్ ఒక ప్రశ్న: అవతలివారు ఓపిక కోల్పోయి బంతిని నెట్‌కు పైన తేలుస్తారా, లేదా? తేలిన బంతి వచ్చేదాకా ఆగి, వచ్చినప్పుడు దానిని కిందికి కొట్టాలి. రాకముందే విసుగుతో బలంగా కొట్టినవారు ఎక్కువసార్లు పాయింటు పోగొట్టుకుంటారు.

డింక్‌ను మణికట్టుతో తిప్పి కొట్టవద్దు. మణికట్టును కదలకుండా ఉంచి, మోకాళ్లు వంచి బంతి ఎత్తుకు దిగి, భుజం నుంచి చేతిని కొద్దిగా ముందుకు తోయాలి. బంతిని శరీరానికి ముందు తాకాలి. తాకిన తరువాత ప్యాడిల్ ఛాతీ ఎత్తు దాటి పైకి వెళుతుంటే అవసరానికి మించి ఊపుతున్నారని గుర్తు. నేరుగా ఎదురుగా పంపడం కన్నా ఐమూలగా పంపడం సులువు. రెండు కిచెన్ గీతల మధ్య నేరుగా 14 అడుగులే ఉంటే, ఒక మూల నుంచి మరో మూలకు సుమారు 24 అడుగులు ఉంటాయి. పైగా బంతి దాటేది నెట్ మధ్యభాగం మీదుగా, అక్కడ ఎత్తు 2 అంగుళాలు తక్కువ. అంటే తప్పు జరిగినా సర్దుకునే జాగా ఎక్కువ.

గీత దగ్గర నిలబడినప్పుడు నేర్చుకోవలసిన మరొక విద్య, కొన్ని బంతులను వదిలేయడం. ఎదుటివారు బలంగా కొట్టిన బంతి మీ భుజాల ఎత్తులో దూసుకువస్తుంటే, అది చాలావరకు బేస్‌లైన్ దాటి పడే బంతే. చేయి అడ్డుపెట్టి వారిని కాపాడకండి, పక్కకు తప్పుకోండి.

భాగస్వామితో

డబుల్స్‌లో ఎక్కువ పాయింట్లు ఇద్దరి మధ్య నుంచి వెళ్లిపోతాయి. నువ్వు కొడతావనుకున్నాను అని ఒకరు, నీదనుకున్నాను అని ఇంకొకరు చెప్పుకునే పరిస్థితి రాకూడదంటే, మధ్యలో వచ్చే బంతి ఎవరి ఫోర్‌హ్యాండ్‌కు అందుతుందో వారిదని ముందే ఒప్పుకోవాలి. నాది, నీది, వదిలెయ్ అనే మూడు మాటలు బిగ్గరగా వాడుకుంటే చాలు. ఇద్దరూ ఒకే వరుసలో కదలాలి. ఒకరు ముందు, ఒకరు వెనక ఉంటే ఇద్దరి నడుమ ఐమూలగా తెరుచుకునే ఖాళీని అవతలివారు చూడకపోరు.

బంతి లోపల పడిందా బయట పడిందా అని చెప్పే బాధ్యత, అది ఎవరి వైపు పడిందో ఆ జట్టుదే. బంతికీ గీతకూ మధ్య ఖాళీ స్పష్టంగా కనిపిస్తేనే బయట పడిందని చెప్పాలి. అనుమానం ఉంటే లోపల పడినట్టే, పాయింటు అవతలివారిదే. ఈ నియమాన్ని ఎంత నిజాయితీగా పాటిస్తారన్న దానిమీదే మీతో మళ్లీ ఆడాలని ఇతరులు అనుకోవడం ఆధారపడి ఉంటుంది. పక్క కోర్టు నుంచి బంతి దొర్లుకుంటూ వస్తే, ఎంత మంచి ర్యాలీ మధ్యలో ఉన్నా, బంతి అని గట్టిగా కేక వేసి ఆట ఆపాలి.

దెబ్బలు తగలకుండా

ఈ ఆటలో పెద్ద గాయాలకు ముఖ్యమైన కారణం ఒకటుంది. తల మీదుగా వెళుతున్న బంతిని చూస్తూ వెనక్కి వెనక్కి అడుగులు వేసి, మడమ తట్టుకుని వెల్లకిలా పడటం వల్ల మణికట్టు విరగడం, తలకు దెబ్బ తగలడం సంభవిస్తాయి. అలాంటి బంతి వచ్చినప్పుడు ముందు పక్కకు తిరిగి, వెనుక వైపు ముఖం పెట్టి పరుగెత్తండి. అందేలా లేకపోతే పాయింటు వదిలేయండి. ఆటకు ముందు పది నిమిషాలు పిక్కలు, మడమ వెనక నరం, భుజాలు వేడెక్కేలా మెల్లగా కదలండి. చాలాకాలం ఏ ఆటా ఆడనివారు మధ్య వయసులో ఒక్కసారిగా మొదలుపెట్టినప్పుడు ఆ మడమ నరం దెబ్బతినే ప్రమాదం ఉంది. నెట్ దగ్గర ఇద్దరి మధ్య దూరం తక్కువ కనుక కళ్లకు రక్షణగా అద్దాలు పెట్టుకోవడం కూడా మంచి అలవాటు.

సాధన

ఒంటరిగా ఉంటే గోడ చాలు. నేల నుంచి 34 అంగుళాల ఎత్తున గోడ మీద టేపు అంటించి, 7 అడుగుల దూరంలో నిలబడి, టేపుకు కొద్దిగా పైన తగిలేలా మెల్లగా బంతిని ఆడుతూ ఉండండి. ఇరవై వరకు తప్పకుండా వచ్చాక ఒకసారి ఫోర్‌హ్యాండ్, ఒకసారి బ్యాక్‌హ్యాండ్‌తో ప్రయత్నించండి. ఖాళీ కోర్టు దొరికితే పది బంతులు తీసుకుని సర్వీస్ చేసి, అవతలి గడిలో వెనక సగంలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. పదికి ఏడు పడేదాకా ఇంకేమీ మార్చవద్దు.

తోడు ఉంటే గీతల దగ్గర ఎదురెదురుగా నిలబడి, పాయింట్లు లేకుండా, బంతి ఆగకుండా డింక్ ఆడండి. ఇద్దరూ కలిసి ఎన్ని చేయగలరో లెక్కించడమే ఇక్కడ పోటీ. అది కుదిరాక ఒకరు గీత దగ్గరే ఉండి, ఇంకొకరు ప్రతి మంచి బంతికి ఒక్కొక్క అడుగు వెనక్కి జరుగుతూ, అక్కడి నుంచి కూడా బంతిని కిచెన్‌లోనే దింపడానికి ప్రయత్నించాలి. అలా జరుగుతూ జరుగుతూ బేస్‌లైన్ దాకా వెళ్లేసరికి మీరు కొడుతున్నది మూడో షాట్ డ్రాప్. దానిని విడిగా నేర్చుకోవలసిన పని ఉండదు, గీత దగ్గర నేర్చిన డింక్‌నే మరికొంత దూరం నుంచి ఆడుతున్నారు. ఆ తరువాత చోట్లు మార్చుకుని మళ్లీ గీత దగ్గర నుంచి మొదలుపెట్టండి.